చిక్కుడు పందిరి కింద చలికాలం: డాబా డైరీ, 2024–25

అక్టోబరు 13, ఆదివారం

నిన్నటితో దసరా అయిపోయింది. బతుకమ్మకు పూలిచ్చిన బంతిచెట్లు ఇంకా నిలబడే ఉన్నాయి గానీ చూస్తే జాలేస్తోంది. దీపావళి దాకా ఉంచమంది అత్తమ్మ. సగం ఉంచి, సగం పీకేశాను.

ఈ నోటుబుక్కు ఎందుకంటే, పోయినేడు ఏది ఎప్పుడు వేశానో గుర్తులేక క్యాలీఫ్లవర్ నారు డిసెంబరు నెలాఖరులో నాటాను. ఫిబ్రవరి ఎండలకు గుప్పెడంత పూలొచ్చాయి. గుప్పెడంత అనడం కూడా గొప్పే, నిమ్మకాయంత. ఈసారి తేదీలు రాసుకుంటాను.

ఉన్న సరంజామా ఇది. హనుమకొండలో మాది రెండంతస్తుల ఇల్లు, పైన ఖాళీ డాబా. పడమర మూలన నీళ్ల ట్యాంకు, తూర్పున రోడ్డువైపు పిట్టగోడ. గ్రోబ్యాగులు 22, ఇరవై లీటర్ల పెయింటు బకెట్లు 9, చేపల మార్కెట్టు నుంచి తెచ్చి కడిగి ఎండబెట్టిన థర్మోకోల్ డబ్బాలు 6. అన్నిటి కిందా ఇటుకలు పెట్టాం, నీళ్లు నిలిచి స్లాబు చెమ్మెక్కకుండా. మట్టి కలపడం నాకు తెలిసిన ఒకే లెక్కలో: రెండు వంతులు ఎర్రమట్టి, ఒక వంతు మాగిన పశువుల ఎరువు, ఒక వంతు కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు), సంచికి రెండు గుప్పిళ్ల వేపపిండి.

వీటన్నిటికంటే పెద్దది చిక్కుడు. తొలి ఏకాదశి వెళ్లాక, సగానికి కోసిన నీలం డ్రమ్ములో రెండు గింజలు పెట్టాను. ఊరి నుంచి అత్తమ్మ తెచ్చిన నాటు గింజలు, కాయ అంచు ఊదారంగులో ఉండే రకం. సెంట్రింగు బొంగులు, జీఐ తీగతో ట్యాంకు నుంచి పిట్టగోడ దాకా పందిరి వేశాడు మా ఆయన. సెప్టెంబరు మొదట్లో పడ్డ ఆ భీకరమైన వానలకు ఒక బొంగు పడిపోయింది గానీ తీగకేమీ కాలేదు. ఇప్పుడు పందిరి కింద నిలబడితే ఆకాశం కనబడదు, అంత ఆకు. పువ్వు మాత్రం ఒక్కటీ లేదు.

"దీపావళి దాటనీ బిడ్డా, అదే పూస్తది" అంది అత్తమ్మ.

ఇవాళ వేసినవి: ఒక డబ్బాలో మెంతులు, రెండు డబ్బాల్లో ధనియాలు, ఒకదాంట్లో పాలకూర. లోతున్న బకెట్లలో ముల్లంగి. పాతిక రోజుల క్యాబేజీ నారు ఎనిమిది, క్యాలీఫ్లవర్ నారు ఎనిమిది నర్సరీలో కొని నాటాను. క్యారెట్ వచ్చే వారం, బకెట్టులోనే నేరుగా గింజ చల్లాలి. నారు పోసి నాటితే వేరు వంకరపోతుంది.

నవంబరు 3, ఆదివారం

మెంతికూర మొదటి కోత అయింది. పప్పులోకి సరిపోయింది.

కొత్తిమీర పంచాయితీ మాత్రం రాయాలి. ఒక డబ్బాలో ధనియాలు ఉన్నవి ఉన్నట్టే చల్లాను, రెండోదాంట్లో చపాతీ కర్రతో మెల్లగా నలిపి, రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి చల్లాను. నలిపినవి పదో రోజుకల్లా ఒత్తుగా మొలిచాయి, నలపనివి ఇప్పటికీ అక్కడొకటి ఇక్కడొకటి. అయితే ఆ ఒత్తుగా మొలిచిన డబ్బానే నేను చంపాను. పండక్కి ఊరెళ్తూ మూడు రోజులకు సరిపోవాలని నిండా నీళ్లు పోసి వెళ్లాను. వచ్చి చూస్తే మొదళ్ల దగ్గర కుళ్లి దారపుపోగుల్లా వాలిపోయి ఉన్నాయి. అడుగున బెజ్జాలు పెట్టడం మర్చిపోయిన డబ్బా అదొక్కటే!

ఇకనుంచి చలికాలం నీళ్ల పద్ధతి: వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి, తడి తగిలితే పోయకూడదు. పోసేది పొద్దున ఎండ పడ్డాకే. సాయంత్రం పోస్తే రాత్రంతా తడి మీద చలి.

చిక్కుడు పూయలేదు. దీపావళీ దాటింది.

నవంబరు 10

అత్తమ్మ పందిరికి పాత చెప్పు కట్టింది. ఎవరి దిష్టో తగిలిందట. ఆ చెప్పు నాదే, వర్షాకాలంలో తెగిపోయింది. చామంతి కుండీలు ఆరు ఉన్నాయి, వాటికీ మొగ్గ లేదు. ఆగస్టులో కొసలు తుంచితే గుబురుగా కొమ్మలేశాయి గానీ అక్కడితో సరి. మార్కెట్లో చామంతులు రాశులు పోసి అమ్ముతున్నారు. పొటాష్ తక్కువైందేమోనని అరటితొక్కల నీళ్లు పోశాను. ఫలితం లేదని ముందే తెలిసినా ఏదో ఒకటి పోయకపోతే మనసు ఊరుకోదు.

నవంబరు 15, కార్తీక పౌర్ణమి

ఇవాళ సంగతి అంతా రాయాలి.

మామూలుగా నేను డాబా మీదికి పొద్దునే వెళ్తాను. చీకటిపడ్డాక వెళ్లి నెలలైంది. ఇవాళ తులసి దగ్గర 365 వత్తులు వెలిగించాలని ఏడింటికి అత్తమ్మా నేనూ ఎక్కాం. వెలిగించాం గానీ దీపం వెలుగు కనబడదే! డాబా అంతా పట్టపగల్లా ఉంది. పౌర్ణమి వెన్నెల అనుకునేరు, కాదు. శ్రావణంలో గృహప్రవేశం చేసిన ఎదురింటివాళ్లు సీసీ కెమెరా కోసం మూడో అంతస్తులో ఫోకస్ లైటు పెట్టారు. అది సరిగ్గా మా పందిరి మీద పడుతోంది.

కొబ్బరికాయ కొట్టడానికి ట్యాంకు వెనక్కి వెళ్లాను. ఆ నీడలో, తీగ కొసల్లో, ఊదారంగు పూలు! నాలుగు వెన్నులు, ఒకదానికి చిటికెన వేలి గోరంత పిందె కూడా. పొద్దున పూట ఆ మూల చీకటిగా ఉంటుందని ఎప్పుడూ తొంగిచూడలేదు. అదే డ్రమ్ము, అదే మట్టి, అదే తీగ. ట్యాంకు నీడ ఉన్నంతమేర పూత, వెలుతురు పడ్డ చోటల్లా ఉత్త ఆకు.

"చెప్పు కట్టినంక అయిదు దినాలకే పూసింది చూడు" అంది అత్తమ్మ.

కిందికి దిగి అగ్రికల్చర్ బీఎస్సీ చదువుతున్న మా మేనకోడలికి ఫోన్ చేశాను. నేను సగం చెప్పేసరికే నవ్వింది. "అత్తా, నాటు చిక్కుడు, చామంతి రెండూ పొట్టిపగటి మొక్కలు. పగలు తగ్గి రాత్రి పెరిగితేనే పూస్తాయి." 1920లో అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, ఎండాకాలమంతా పూయకుండా ఏపుగా పెరిగే ఒక పొగాకు రకాన్ని పట్టుకుని ఈ లెక్క తేల్చారట. నిజానికి మొక్క కొలిచేది పగటిని కాదు, ఎడతెగని చీకటిని అని ఆ తర్వాత తేలిందట. ఆకులో ఫైటోక్రోమ్ అనే పదార్థం ఉంటుంది, నడిరాత్రి కాసేపు వెలుగు పడినా దాని లెక్క మళ్లీ మొదటికొస్తుంది. చామంతి పెద్దఎత్తున పండించేవాళ్లు పూత ఆలస్యం కావాలంటే కావాలనే రాత్రిళ్లు లైట్లు వేస్తారట.

మన దగ్గర జూన్ చివర పగలు 13 గంటల పైన ఉంటే, డిసెంబరు 21న 11 గంటలకు అటూ ఇటూ. రెండు గంటల తేడా. ఆ రెండు గంటల కోసం మూడు నెలలుగా కాచుక్కూర్చున్న తీగకు నేను అరటితొక్కల నీళ్లు పోస్తున్నాను.

నవంబరు 17, ఆదివారం

చామంతులు అయిదింటిని ట్యాంకు వెనక్కి మార్చాను. ఆరోదాని మీద పందెం.

మా ఆయన ఇదంతా నమ్మలేదు. "లైటుకు పూలాగుతాయా, అట్లయితే ఊళ్లో వీధిలైట్ల కింద చెట్లే పూయొద్దు" అన్నాడు. అన్ని చెట్లూ ఈ జాతి కాదు, మందార లాంటివాటికి ఈ పట్టింపు లేదన్నాను. వినడు. సరే, ఆరో కుండీని మెట్ల గది గోడ పక్కన పెట్టి, దానిమీద తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు రాత్రంతా వెలిగేట్టు పెట్టాం. మిగతావాటి మీద పడకుండా అట్టముక్క అడ్డం. మిగతా అయిదూ పూసి అదొక్కటి పూయకపోతే సంక్రాంతికి సకినాలు ఆయనే చుట్టాలి. అదీ పూస్తే వేసవి అంతా పొద్దుటి నీళ్లు నావి, ఆయనను లేపకూడదు.

నవంబరు 24, ఆదివారం

ఎదురింటి అక్కతో మాట్లాడటానికి వారం పట్టింది. ఏమని అడగాలి? "మీ లైటు వల్ల మా చిక్కుడు పూయట్లేదు" అంటే పిచ్చిదనుకుంటుంది. చివరికి మెంతికూర కట్ట పట్టుకుని వెళ్లి అలాగే అన్నాను. ఆవిడ కాసేపు నా మొహం చూసి, "దొంగల భయంతోనే పెట్టుకున్నం చెల్లే, తీసెయ్యలేం" అంది. తీసెయ్యొద్దు అక్కా, వెలుగు మీ గేటు మీదే పడేట్టు చేస్తే చాలన్నాను.

మా ఆయన పదిహేను లీటర్ల నూనె డబ్బా కోసి, రేకును గొడుగులా వంచి, లైటుకు పైన, ముందు బిగించాడు. రెండు స్క్రూలు, ముప్పావు గంట పని. గేటు దగ్గర ఇదివరకటికంటే ఎక్కువ వెలుగొస్తోందని ఆ అక్కే సంతోషపడింది. రాత్రి ఎనిమిదింటికి పైకెళ్లి చూశాను. పందిరి కింద నా చెయ్యి నాకు కనబడలేదు.

డిసెంబరు 4, బుధవారం

పొద్దున ఏడున్నర కావస్తుండగా క్యాబేజీలకు నీళ్లు పోస్తున్నాను. బకెట్లో నీళ్లు వాటంతట అవే ఊగాయి. పందిరి బొంగులు టకటకమన్నాయి. గాలి లేదు. కళ్లు తిరుగుతున్నాయేమో, బీపీ అనుకుని పిట్టగోడ పట్టుకున్నాను. కింద వీధిలోకి అందరూ పరుగెత్తుకొస్తుంటే అర్థమైంది. ములుగు దగ్గర భూకంపం, 5.3 అని తర్వాత టీవీలో చెప్పారు. అత్తమ్మ గేటు బయట నుంచి అరుస్తోంది: "ఆ చెట్లు పాడుగాను, దిగు పిల్లా!"

కుండీ ఒక్కటీ పడలేదు.

డిసెంబరు 8, ఆదివారం

క్యాలీఫ్లవర్‌లో పచ్చపురుగు. ఆకులు జల్లెడైపోయాయి. పొద్దున టార్చి పట్టుకుని, ఆకు అడుగున ఉన్నవాటిని ఏరి సబ్బునీళ్లలో వేశాను. లెక్కపెట్టాను, 31. వచ్చే ఏడు చుట్టూ ఆవాలు చల్లాలి. పురుగు ముందు ఆవ మొక్కల మీద గుడ్లు పెడుతుంది, వాటితోపాటు పీకేయొచ్చు.

రెండు పూలు కోడిగుడ్డంత అయ్యాయి. చుట్టూ ఉన్న పెద్దాకులను పైకి మడిచి అరటినారతో కట్టేశాను. ఎండ తగిలితే పువ్వు పసుపెక్కుతుంది. వీటికి చీకటి చేతులతో కట్టాలి, చిక్కుడుకు ఊరికే వదిలేస్తే చాలు.

టమాటా పూత రాలుతోంది. రాత్రి 13 డిగ్రీలకు దిగితే పుప్పొడి సరిగ్గా కట్టదు. చేసేదేమీ లేదు, సంక్రాంతి దాటి రాత్రిళ్లు వేడెక్కే దాకా ఓపిక పట్టడమే. కరివేపాకూ చిగురెయ్యడం మానేసింది, దానికి ఎరువు ఆపాను.

డిసెంబరు 22, ఆదివారం

నిన్న ఏడాదిలో అన్నిటికంటే పొడవైన రాత్రి. ఈ పొద్దున పందిరి మీద లెక్కపెట్టడం మొదలుపెట్టి, వెన్నులు అరవై దాటాక మానేశాను. రోడ్డువైపు అంతా పూతే. ట్యాంకు దగ్గరివి ఇప్పటికే రెండుసార్లు కోశాం. చామంతులు అయిదింటికీ బఠాణీ గింజంత మొగ్గలు. బల్బు కింది ఆరోది ఏపుగా, నిగనిగలాడే ఆకులతో ఉంది. మొగ్గ లేదు. మా ఆయన రోజూ కళ్లజోడు పెట్టుకుని వెతుకుతున్నాడు.

ఈ డైరీ అంతా పురుగులు, తెగుళ్లు, తప్పులే రాస్తున్నాను. ఇంత కష్టం ఎందుకని చదివినవాళ్లు అడగొచ్చు. ఇందుకు: ఎనిమిదింటికి పందిరి సందుల్లోంచి ఎండ డాబా మీద ముక్కలు ముక్కలుగా పడుతుంది. అత్తమ్మ శాలువా కప్పుకుని, వీపు ఎండకు పెట్టి, చేటలో పాలకూర ఏరుతుంది. డిసెంబరాలు గోడ పొడుగునా ఊదాగా విచ్చుకుని ఉంటాయి. వాసన లేకపోయినా మూర కట్టి జడలో పెట్టుకుంటే సాయంత్రం దాకా వాడవు. చాయ్ గ్లాసు పట్టుకుంటే వేళ్లు వెచ్చగా. తేనెటీగలు చిక్కుడు పూల మీద పనిలో ఉంటాయి. వాటి చప్పుడు వినాలంటే ఫోన్ కింద వదిలి రావాలి. మే నెలలో ఇదే చోట చెప్పులు లేకుండా నిలబడలేం.

జనవరి 5, ఆదివారం

పేనుబంక, రసం పీల్చే సన్నపురుగు. చిక్కుడు లేత కొసలన్నీ నల్లగా, మసి పూసినట్టు. కొస పక్కనే చీమల బారు. పేనుబంక కార్చే తీపి కోసం అవే దాన్ని కాపలా కాస్తాయి.

నిన్న మధ్యాహ్నం సెలవుంది కదా అని, లీటరుకు 5 మిల్లీలీటర్లు కలపాల్సిన వేపనూనె "ఎక్కువున్నాయి కదా" అని 10 కలిపి, ఒంటిగంట ఎండలో కొట్టాను. పొద్దున చూస్తే పేనుబంక సగం ఉంది, లేతాకులు మాత్రం మొత్తం మాడాయి. ఇది నాకు తెలియని సంగతి కాదు. అందుకే ఎక్కువ కోపం.

మిగతా సగానికి అత్తమ్మ కట్టెల పొయ్యి బూడిద జల్లెడ పట్టి పొద్దున మంచు తడి మీద చల్లింది. నేను బాగా కమ్మేసిన కొసలు తుంచి పారేశాను, చీమలు ఎక్కే బొంగు మొదట్లో గ్రీజు పూశాను. ఇక మందు కొట్టనని ఒట్టేసుకోవడానికి కారణం వేరే ఉంది: రెండు ఆకుల మీద అక్షింతల పురుగులు, ఒకటి పేనుబంకను తింటూ ఉంది.

జనవరి 12, ఆదివారం

భోగి రేపు. పందెం తీర్పు ఇవాళ.

అయిదు కుండీలు పసుపుపచ్చగా విరబూశాయి. ఆరోది ఇంకా ఆకులే. మా ఆయన తలుపేసుకుని, బియ్యప్పిండి, నువ్వులు, వాము కలిపిన ముద్ద ముందు కూర్చుని సకినాలు చుట్టాడు. మొదటివి కోడిగుడ్డు ఆకారంలో వచ్చాయి, తర్వాతవి ఏ ఆకారంలోనూ రాలేదు. గుడ్డ మీద ఆరబెట్టినవాటిని చూసి అత్తమ్మ నవ్వలేక ఆయాసపడింది. నూనెలో వేగాక రుచికేం తేడా లేదు, ఆ మాట రాయకపోతే అన్యాయం.

సాయంత్రం ఆ బల్బు తీసేశాం. ఆరోది కూడా పూసుకోనీ పాపం, ఇంకా పగలు పొట్టిగానే ఉంది.

జనవరి 14

గొబ్బెమ్మలకు మన చామంతులే. ఎదురింటి అక్క ముగ్గులోకి కూడా.

జనవరి 26, ఆదివారం

క్యారెట్లు పీకాను. బకెట్లో నలభై గింజలు చల్లి పలుచన చేయలేదు, మనసొప్పలేదు. ఫలితంగా పెన్సిళ్లు. కొన్ని రెండు కాళ్లు, ఒకటి మూడు కాళ్లు. మట్టిలో రాళ్లు ఏరకపోయినా, ఎరువు సరిగ్గా మాగకపోయినా ఇలాగే చీలతాయి. నావి రెండు తప్పులూ. పచ్చివే కడుక్కుని నిలబడే తిన్నాం, వంటింటి దాకా ఒక్కటీ చేరలేదు.

క్యాలీఫ్లవర్లు ఎనిమిదిలో అయిదు దక్కాయి, పెద్దది 700 గ్రాములు. పోయినేడాది నిమ్మకాయలతో పోలిస్తే పండగే.

మల్లెకు పదిహేను రోజులుగా నీళ్లు తగ్గించాను. ఇవాళ ఆకు దూసి, కొమ్మలు మోకాలెత్తుకు కత్తిరించి, మొదట్లో ఎరువు వేసి నీళ్లు పెట్టాను. మార్చికి మొగ్గ రావాలి.

ఫిబ్రవరి 4, మంగళవారం, రథసప్తమి

తెల్లవారుజామున జిల్లేడాకులు, రేగుపళ్లు నెత్తిన పెట్టుకుని స్నానాలయ్యాయి. డాబా మీద తూర్పువైపు పిడకల పొయ్యి, ఇత్తడి గిన్నెలో పాలు. పొంగే వేళకు సూర్యుడు ఎదురింటి ఫోకస్ లైటు రేకు గొడుగు పక్కనుంచి పైకొచ్చాడు.

రథానికి చిక్కుడుకాయలు పందిరి మీంచే కోశాను. లేతవి వంగిపోతాయి, ముదురువి పుల్ల గుచ్చితే చీలతాయి, మధ్యరకం కావాలి. చీపురుపుల్లలతో గుచ్చి చక్రాలు, పీట, పైన గోపురం అత్తమ్మే కట్టింది, ఆ పని నాకు ఇప్పటికీ చేతకాదు. పరమాన్నం చిక్కుడాకుల్లో పెట్టి నైవేద్యం. వేపనూనెకు మాడని ఆకుల కోసం కొంచెం వెతకాల్సి వచ్చింది.

ఇప్పటిదాకా కోసినవి, తూచినంతవరకు, పదకొండున్నర కిలోలు. తూచకుండా పంచినవి వేరే. పగళ్లు పెరుగుతున్నాయి, పూత తగ్గింది. ట్యాంకు పక్క తొలికాపులో బాగా పొడుగున్న ఆరు కాయలకు ఎర్రదారం కట్టాను, అవి తీగ మీదే ఎండాలి, విత్తనానికి.

పాత చెప్పు ఇంకా పందిరికి వేలాడుతోంది. ఇక తీసేద్దామా అన్నాడు మా ఆయన, సకినాల బాకీ తీర్చుకున్న ధైర్యంతో.

"దాని జోలికి పోకు కొడుకా" అంది అత్తమ్మ, పరమాన్నం ఆకు మడుస్తూ. "లైటు లైటేగానీ, కాసింది దానివల్లనే."